పోగు తప్పిన గడి

తలుపు మూసుకుని పావుగంట అయింది. లోపల కొలత యంత్రం ముందు రాజనర్సయ్య సారు, బయట వరండాలో చెక్కబల్ల మీద శివరాములు. ఒక గాజు ప్లేటు మీద ఒక చుక్క ఉందా లేదా, తేలవలసింది అంతే. లేదని శివరాములుకు తెలుసు. ఈ లోకంలో ఆ సంగతి తెలిసినవాడు అతనొక్కడే, ఎందుకంటే ఆ చుక్కను పెట్టింది అతనే. ఆకాశంలో పెట్టలేడు గనక చుక్కల లెక్కలు రాసే పుస్తకంలో పెట్టాడు. పద్దెనిమిది నెలలుగా అది ఎవరి కంటా పడకుండా, వేల చుక్కల మధ్య ఒక చుక్కగా, ఒక వరసలో రెండు అంకెలై బుద్ధిగా కూర్చుంది. నిన్న అచ్చుకు పంపే ప్రతిని సరిచూస్తుంటే, అదే ఆకాశపు ముక్కకు తీసిన ఇంకో ప్లేటులో ఆ చోట ఏమీ లేదని బయటపడింది. "అసలు ప్లేటు తియ్యిండ్రి, నేనే చూస్త" అన్నాడు రాజనర్సయ్య, కోపంగా కూడా కాదు, కళ్ళద్దాలు తుడుచుకుంటూ. ఆయన కోపం కన్నా ఆ తుడుచుకోవడమంటేనే శివరాములుకు ఎక్కువ భయం.

పంజగుట్ట బాట మీద పోయే బండ్లవాళ్ళు ఈ కట్టడాన్ని చుక్కల బంగ్లా అంటారు. దాని గుండ్రటి కప్పు తెరుచుకుని మెడ బయటికి పెడుతుందని, లోపలివాళ్ళు చచ్చినవాళ్ళను లెక్కబెడతారని అమీర్‌పేటలో ఆడవాళ్ళు చెప్పుకుంటారు. నిజానికి లోపల జరిగే పని అంత రుచిగా ఉండదు. పెద్ద దుర్భిణితో ఆకాశాన్ని గాజు మీదికి దించుతారు, పగలు కిటికీ వెలుగులో ఆ గాజును యంత్రం కింద పెట్టి ఒక్కొక్క చుక్క ఎక్కడుందో కొలుస్తారు. గాజు మీద ఆకాశం తెల్లగా ఉంటుంది, చుక్కలు నల్లగా ఉంటాయి. పిండి మీద చీమల్లాగా. మొదటిరోజు శివరాములుకు అది ఆకాశాన్ని ఎవరో తోలు తీసి ఆరేసినట్టు అనిపించింది. పదిహేను రోజుల్లో అలవాటైపోయింది, మనిషికి అలవాటు కానిదేముంది గనక. ప్లేటంతా సన్నని గీతల గళ్ళు, అటు ఇరవై ఆరు, ఇటు ఇరవై ఆరు. ఒకరు కంటిగొట్టంలో చూసి, మర తిప్పి సన్నని తీగను చుక్క మీదికి తెచ్చి అంకె చెబుతారు, ఇంకొకరు రాస్తారు. నెల తర్వాత ప్లేటును తలకిందులు చేసి మళ్ళీ మొదటినుంచి కొలుస్తారు, అప్పుడు పాత కాగితం బీరువాలో తాళం కింద ఉంటుంది. ఒక చుక్కకు పైనుంచి వచ్చిన అంకె, తలకిందులుగా వచ్చిన అంకె కలిపితే, వెంట్రుకవాసి అటుఇటుగా, ఇరవై ఆరు రావాలి. రాకపోతే ఎర్రసిరా, ఆ చుక్క ఇక లేనట్టే. కన్ను అబద్ధం చెప్తది గానీ ఒకటే అబద్ధం రెండుసార్లు చెప్పదు అనేది రాజనర్సయ్య మాట. కొత్తగా చేరిన ప్రతివాడికీ మొదటిరోజే చెబుతాడు, శివరాములుకు కూడా చెప్పాడు.

లోపల మర తిరుగుతున్న చప్పుడు సన్నగా వినిపిస్తోంది. పళ్ళచక్రం మీద టిక్కు టిక్కు. ఇప్పుడు ఆయన ఏ వరసలో ఉన్నాడు? మూడో నాలుగో. పద్ధతి మనిషి, నేరుగా ఆ గడికి పోడు, ప్లేటు మొదటినుంచి కొన్ని చుక్కలు సరిచూసుకుంటూ పోతాడు, యంత్రం మీద కూడా అనుమానమే ఆయనకు. పదకొండో నిలువు, ఏడో అడ్డం చేరడానికి ఇంకా ముప్పావుగంట పట్టవచ్చు. ఈ ముప్పావుగంటలో లేచిపోయి తలుపు కొట్టి, సారూ, అది నేను పుట్టించిన చుక్క అని చెప్పేస్తే? అప్పుడేమవుతుంది? కొలువు పోతుంది, అది చిన్న సంగతి. నాలుగేళ్ళలో అతను కొలిచిన లక్ష చుక్కలు అనుమానపు చుక్కలవుతాయి, అన్నిటినీ మళ్ళీ కొలవాలి. దానికంటే ముందు రాజనర్సయ్య ఎర్రసిరాతో ఆ ఒక్క వరస మీద గీత గీస్తాడు. ఒకసారి మన్ను వేసిన తన పిల్ల మీద మళ్ళీ మన్ను వెయ్యాలా?

"జర తమాకు పెట్టుకుంటవా అన్నా" అని పక్కన చేరాడు ఐలయ్య. నాలుగేళ్ళుగా అతను చెప్పిన ప్రతి అంకెనూ రాసిన చెయ్యి ఐలయ్యది. శివరాములు తల అడ్డంగా ఊపాడు. "గింత ఫికరెందుకు నీకు? నువ్వు ఉన్నదన్నవ్, నేను రాసిన. నీ నోట్ల తప్పు అంకె రాదని ఈ బంగ్లల అందరికి ఎర్కే. ఆ పక్క ప్లేటే ఖరాబైంది పో" అన్నాడు ఐలయ్య, సున్నం గోటితో తీసుకుంటూ. అంత నమ్మకంగా మాట్లాడేవాడి మొహం చూడడం కష్టం. శివరాములు ఐలయ్య చేతిని చూశాడు. మధ్యవేలి మీద సిరా మచ్చ, కడిగితే పోనంత పాతది. తనతోపాటు ఈ చెయ్యి కూడా బీడీల పనికి పోవలసివస్తుంది.

బేగంపేట దిక్కునుంచి విమానం ఒకటి గరగరమంటూ తల మీదుగా పోయింది, యుద్ధం మొదలైన దగ్గర్నుంచీ ఎక్కువయ్యాయి. గరగర కాస్త దూరమయ్యాక అది మగ్గం చప్పుడులాగే ఉంటుంది. నాయన ఎల్లేశం మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాడు, కళ్ళు గోడ మీద ఎక్కడో ఉండేవి. పడుగులో ఒక్క పోగు తెగితే చాలు, చూడకుండానే తెలిసేది. అటూ ఇటూ పోయే నాడె ఆగేది. వేలి కొసతో పోగుల మీద తడుముకుంటూ పోయి సరిగ్గా ఖాళీ దగ్గర ఆగేవాడు, పక్కన వేలాడే తునకల్లోంచి ఒకటి లాగి ముడివేసేవాడు, మళ్ళీ మొదలు. మాట్లాడుతూనే, తిడుతూనే, పాడుతూనే. శివరాములు తల్లి చచ్చిపోయిందని కబురు తెస్తే కూడా, లేచే ముందు ఆయన వేళ్ళు తెగిన పోగును ముడివేసి లేచాయి. ఊళ్ళో అది చూసి కొందరు ముక్కున వేలేసుకున్నారు. నేతపని చేసే ఇంట్లో పుట్టినవాళ్ళు మాత్రం వేసుకోలేదు. ఖాళీ కనపడితే వేళ్ళు ఊరుకోవు, అంతే. శివరాములు మగ్గం గుంటలో కూర్చోలేదు, చదువుకుని పట్నం వచ్చాడు, గళ్ళ మీద చుక్కలు కొలిచే కొలువు దొరికింది. గీతలన్నీ పడుగూ పేకాలాగే కనిపించేవి అతనికి. వేళ్ళు మాత్రం నాయనవే.

ఆ చుక్కను పెట్టిన రోజు సంగతి. ముందురోజు పొద్దుగూకే వేళ దేవవ్వ చచ్చిపోయింది. శివరాములు కూతురు, మూడేళ్ళ పిల్ల. నాయనమ్మ పేరు పెట్టారు గనక అంత ముసలి పేరు, పిల్ల కూడా ఆ పేరుకు తగ్గట్టే పెద్దమనిషిలా మూతి బిగించి కూర్చునేది, ఎందుకంటే కూర్చోవడమే దానికి వచ్చు. పదకొండో నెలలో వచ్చిన జ్వరం కాళ్ళను తీసుకుపోయింది. భార్య కమలవ్వ మొక్కని దేవుడు లేడు, పిల్ల కాళ్ళకు కట్టని ఎర్రదారం లేదు. సాయంత్రం శివరాములు కొలువునుంచి రాగానే చేతులు చాపేది, చంకనెక్కి వాకిట్లోకి పోదామనేది, పైకి వేలు చూపి "నాయినా, గది" అనేది, అదిగో అన్నట్టు. ఏ చుక్కను చూపినా గది అనే. అన్నీ దానివే. మళ్ళీ జ్వరం వచ్చి, ఈసారి కాళ్ళతో ఊరుకోలేదు. తెల్లారి అతను కొలువుకు వచ్చేశాడు. ఎందుకొచ్చావని ఎవరూ అడగలేదు, అతను ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో కమలవ్వ ఏడుపు వినలేక వచ్చాడన్నది నిజం. కంటిగొట్టంలో కన్ను పెట్టాడు, తెల్లటి ఆకాశం, నల్లటి చుక్కలు, ఒక్కో గడిలో మూడు, నాలుగు, అయిదు. పదకొండో నిలువు ఏడో అడ్డం గడిలో ఒక్కటీ లేదు. చుట్టూ కిక్కిరిసి ఉంటే నడుమ ఆ ఒక్క గడి బోసిగా ఉంది. చాలాసేపు చూశాడు. పోగు తప్పింది అనుకున్నాడు, అనుకున్నాడో లేదో కూడా తెలియదు. నోరు తెరుచుకుంది, "పదకొండు పాయింటు నాలుగు రెండు ఆరు" అంది. ఐలయ్య కలం గీసుకుంటూ రాసింది.

అక్కడితో ఆగి ఉంటే దాన్ని దుఃఖం అనవచ్చు. దుఃఖంలో మనిషి ఏమైనా అంటాడు, నెల తర్వాత తలకిందులుగా కొలిచినప్పుడు ఆ గడిలో ఏమీ చెప్పకపోతే లెక్క కుదరక చుక్క దానంతటదే కొట్టివేయబడేది, ఎవరికీ ఏ నష్టమూ లేదు. కానీ ఆ నెలంతా శివరాములు ఆ అంకెను మరిచిపోలేదు. ఇరవై ఆరులోంచి తీసివేసి చూసుకున్నాడు, పద్నాలుగు పాయింటు అయిదు ఏడు నాలుగు. దారిలో, బువ్వ ముందు, కమలవ్వ పక్కన పడుకుని. మరీ సరిగ్గా చెబితే అనుమానం వస్తుందని చివరి అంకెను ఒకటి అటు మార్చుకున్నాడు, నిజం కొలతలు ఎప్పుడూ ఆ మాత్రం తప్పుతాయి. ఆ ఒక్క అంకెను మార్చుకున్నప్పుడు ఒళ్ళు జల్లుమంది, ఎందుకంటే ఆ జల్లుమనడం అతనికి తెలుసు. కథ రాసేటప్పుడు, లేని మనిషికి ఒక పుట్టుమచ్చ పెట్టగానే ఆ మనిషి లేచి కూర్చుంటుందే, అదే ఇది.

అవును, అతను కథలు రాసేవాడు, ఆ సంగతి ఇప్పుడు అతనికే వింతగా ఉంటుంది. పట్నంలో పఠన మందిరంవాళ్ళ పత్రికలో రెండు వచ్చాయి. రెండోది ఆకాశంలో మగ్గం వేసుకుని చచ్చిన నేతగాళ్ళు రాత్రిని నేస్తుంటారన్న కథ. రాజనర్సయ్య అది చదివాడు. ఒకరోజు పని అయ్యాక కూర్చోబెట్టి, ప్రేమగానే చెప్పాడు. "మంచిగ రాసినవు శివరాములూ. గని ఏం రాసినవ్? చుక్కలు ఎంత దూరమున్నయో, ఎంత బరువున్నయో మనం కొలుస్తున్నం. గీ కాలంల నువ్వు అండ్ల మగ్గాలు పెడుతున్నవు. తెలియని చోటనే గద కవికి పని. రేపు అంతా తెలిసినంక కవి ఏం చేస్తడు?" శివరాములుకు ఆయన మాట తప్పని అనిపించలేదు, అదే బాధ. ఆ తర్వాత కలం పట్టుకుంటే వాక్యం రాలేదు. రోజుకు రెండువందల చుక్కలు కొలిచిన కన్ను చందమామను చూసి ఒక్క ముక్క చెప్పలేకపోయింది. నాలుగేళ్ళలో అతను రాసిన కథ ఒక్కటే, అది రెండు అంకెల కథ, ఆయన బీరువాలోనే ఉంది. మొదటి అంకె ఏడుపు, రెండోది రచన. ఆయన అన్నది నిజమే, కన్ను ఒకటే అబద్ధం రెండుసార్లు చెప్పదు. కథ చెబుతుంది.

మర చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది, టిక్కు టిక్కు. ఆరో వరస అయి ఉంటుంది. వరండా స్తంభాల నీడలు గచ్చు మీద అతని కాళ్ళదాకా పాకాయి. తప్పు ఇంకొకటి కూడా చేశాడు, కమలవ్వకు చెప్పాడు. తిండి మానేసి గోడకు ఒరిగి కూర్చున్న మనిషికి ఏదో ఒకటి చెప్పాలి గదా. మన దేవవ్వ పేరు మీద ఒక చుక్క రాసిన, అది పుస్తకంల అచ్చవుతది, వెయ్యేండ్లు ఉంటది అన్నాడు. "ఏడున్నది?" అంది. వాకిట్లోకి తీసుకుపోయి చూపించాడు, ఉత్త చీకటి చోటు. అంత చిన్న చుక్క నిజంగా ఉన్నా సరే కంటికి ఆనదు, దుర్భిణిలో కూడా గాజు మీద చాలాసేపు నిలిపితే గానీ పడదు. కమలవ్వ చాలాసేపు చూసింది. "అగో" అంది మెల్లగా, "కనబడ్డది." ఆ రాత్రి బువ్వ తిన్నది. శివరాములు వెనక్కి తిరిగి గోడకేసి ఏడ్చాడు. అప్పట్నుంచి రోజూ చూస్తుంది. పోయిన నెల వాన వెలిసిన రోజున పిలిచి, "ఏమయ్యా, చుక్కలు జరుగుతయా?" అని అడిగింది. అన్నీ కలిసి జరుగుతయి అన్నాడు. "అట్ల కాదు. పక్కటియి ఆడనే ఉన్నయి. మనది ఒక్కటే జర జరిగింది" అంది. పడుకో పో అని కసిరాడు.

ఊళ్ళో పటం కథలు చెప్పే హనుమాండ్లు ఏడాదికొకసారి నేతగాళ్ళ వాడకు వచ్చేవాడు. నిలువెత్తు గుడ్డ పటం, గడులు గడులుగా బొమ్మలు, ఒక్కో గడి మీద పుల్ల పెట్టి కథ చెప్పేవాడు. పటం ముసలిదైపోయి ఒక గడిలో రంగంతా రాలిపోయింది, ఉత్త గుడ్డ. అక్కడికి రాగానే పిల్లలందరూ చూసేవాళ్ళు, ఈ ముసలాడు ఇప్పుడేం చేస్తాడా అని. హనుమాండ్లు పుల్ల ఆ బోసి గడి మీదనే పెట్టి, గొంతు తగ్గించి, ఏమీ జరగనట్టు చెప్పుకుపోయేవాడు. చెబుతూ ఉంటే అక్కడ బొమ్మ కనిపించేది. శివరాములుకు బాగా గుర్తు, పచ్చచీర కట్టిన మనిషి, చేతిలో దారపు ఉండ. కథయ్యాక దగ్గరికి పోయి చూస్తే ఉత్త గుడ్డే. బొమ్మ ఏమైంది తాతా అని అడిగితే పుల్ల సంచిలో పెట్టుకుంటూ, "నేను జెప్పినన్ని దినాలు ఉంటది బిడ్డా" అన్నాడు. చెప్పడం మానితే పోతుందన్నమాట. ఇప్పుడు లోపల ఒకాయన పుల్ల కాదు, సన్నని తీగ పెట్టి చూస్తున్నాడు, ఆయన ఏ కథా చెప్పడు.

లేచాడు. చెప్పేద్దామనే లేచాడు. ఆయన చూడకముందే చెబితే ఆ గీత తనే గీసినట్టవుతుంది, పిల్లకు ఆఖరి మన్ను తండ్రి వెయ్యాలి గదా, పరాయివాడు వెయ్యడమేమిటి. ఇంటికి పోయి కమలవ్వకు ఏం చెప్పాలో తర్వాత చూసుకోవచ్చు. ఐలయ్య "ఏడికన్నా" అన్నాడు. శివరాములు తలుపు మీద చెయ్యి పెట్టేసరికి అది లోపలినుంచి తెరుచుకుంది. రాజనర్సయ్య కళ్ళద్దాలు పెట్టుకునే ఉన్నాడు.

"ఉన్నది" అన్నాడు. "చుక్క ఉన్నది. ధూళి కాదు, గీత కాదు, మంచిగ గుండ్రంగ ఉన్నది. ఆ పక్క ప్లేటుల ఎందుకు లేదో మల్ల చూద్దాం. గని నీ కొలత తప్పు. నాలుగు రెండు ఆరు కాదది, నాలుగు మూడు ఒకటి. అట్లెట్ల తప్పినవ్, అదిన్నీ రెండుసార్లు? ఐలయ్యా, కాగితం పట్టు. శివరాములూ, కూసో, నా ముందట మల్ల కొలువు."

కూర్చున్నాడు. కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది. కంటిగొట్టానికి కన్ను ఆనించాడు, తెల్లటి ఆకాశం కళ్ళలోకి వచ్చింది. అదే ప్లేటు, మూలన పగులు గుర్తు, అవే గుంపులు. పదకొండో నిలువు, ఏడో అడ్డం. ఆ రోజు చాలాసేపు చూసిన గడి అది, ఒక్కటంటే ఒక్కటీ లేని గడి. దాని నడుమ ఒక నల్లటి చుక్క ఉంది. చిన్నది. మర తిప్పి తీగను దాని మీదికి తెచ్చాడు, తీగ కింద చుక్క సరిగ్గా అమరింది. "పదకొండు పాయింటు నాలుగు మూడు ఒకటి" అన్నాడు. గొంతు తనది కాదు. "సరిగున్నది. రెండోసారి" అన్నాడు రాజనర్సయ్య వెనకనుంచి.

ఐలయ్య కలం ఇంకా గీస్తూనే ఉంది. శివరాములు మరను ముట్టుకోలేదు, ప్లేటును ముట్టుకోలేదు, చూస్తున్నాడు అంతే. తీగకు ఒక పక్కన తెల్లటి సందు కనిపించింది, వెంట్రుకంత. అది పెరిగింది. చుక్క తీగ కిందినుంచి బయటికి వచ్చి ఆగింది, తడబడినట్టు ఆగింది, మళ్ళీ కొంచెం జరిగింది. పక్క చుక్కలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. మూడేళ్ళు చంకలో మోసిన బరువు ఎడమవైపు నడుముకు తెలిసింది, అప్పుడే దించినట్టు. ఏడవకూడదు, గాజు మీద తడి పడుతుంది. మర తిప్పి తీగను మళ్ళీ దాని మీదికి తెచ్చి అంకె చూశాడు, నాలుగు మూడు నాలుగు. కళ్ళతో చూసింది, కొలిచింది, ఈ బంగ్లాలో అతను చెప్పగలిగిన అన్నిటికంటే నిజమైన కొలత. రెండు కొలతలు కలవకపోతే ఎర్రసిరా. లేదా నమ్ముతారు, అది ఇంకా ఘోరం, రోజూ ఈ తీగల కింద పెట్టి, ఎంత జరిగింది, ఎటు జరిగింది అని పిల్లను నిలబెడతారు.

"చెప్పు" అన్నాడు రాజనర్సయ్య.

"పదకొండు పాయింటు నాలుగు మూడు ఒకటి."

"గిట్లుండాలె" అని ఆయన భుజం తట్టాడు, "ఎన్నిసార్లు చూసినా ఒకటే రావాలె." పాత అంకె కొట్టేసి కొత్తది రాయించి, కింద సంతకం పెట్టి, కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఐలయ్య, చెప్పలే నీకు అన్నట్టు కళ్ళెగరేసి కాగితాలు సర్దుకున్నాడు. శివరాములు ప్లేటును కాగితపు సంచిలో పెట్టి, చెక్కపెట్టె దగ్గరికి తీసుకుపోయాడు. పెట్టెలో ప్లేట్లు గాడి గాడికీ ఇరుకుగా నిలబడి ఉంటాయి. దాని పక్కదాన్ని తీసి వేరే పెట్టెలో పెట్టాడు, అటు పక్కదాన్ని కూడా తీశాడు. రెండువైపులా ఖాళీ చేసి, నడుమ దాన్ని మెల్లగా నిలబెట్టాడు. పిల్ల ఇప్పుడిప్పుడే నడుస్తోంది, కాస్త చోటు ఉండాలి.